ఆరు మిషన్ల లాభం: ఒక పసుపు పాలిష్ డ్రమ్ము పేటెంటుకు బడ్జెట్ వేసిన కథ

2021 జూలైలో నిజామాబాద్ జిల్లా నుంచి ఒక వర్క్‌షాప్ యజమాని, ఆయన భార్య హైదరాబాద్‌లో మా ఆఫీసుకు వచ్చారు. పసుపును ఉడకబెట్టి ఎండబెట్టాక కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ములు చేయడం వాళ్ల పని. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నారు. ఆ ఏడాది కొత్త రకం డ్రమ్ము ఒకటి తయారైంది, దానికి పేటెంట్ కావాలి. ఆయన యంత్రం గురించి గంటసేపు చెప్పారు. ఆమె అంతసేపూ విని, చివర్లో ఒక్కటే అడిగారు.

"మొత్తం ఎంతయితది సార్? ఒక్క అంకె చెప్పుండ్రి."

పేటెంట్ ఏజెంటుగా నన్ను అందరూ ముందు అడిగే ప్రశ్న ఇదే. నిజాయతీగా చెప్పాలంటే ఒక్క అంకెతో దీనికి జవాబు రాదు. పేటెంట్ ఖర్చు మూడు నాలుగేళ్ల మీద విడతలుగా వస్తుంది, ఆ తర్వాత కూడా ఏటా కొంచెం వస్తూనే ఉంటుంది. ప్రతి విడతకు ముందూ ఆగిపోవచ్చా, ముందుకు వెళ్లాలా అని తేల్చుకునే వీలుంటుంది. ఆ విడతలు ఎప్పుడు వస్తాయో ముందే చూసుకుని, ఆ సమయానికి చేతిలో డబ్బు ఉండేలా చేసుకోవడమే అసలు బడ్జెట్. మంచి ఆవిష్కరణలు డబ్బు చాలక ఆగిపోవడం నేను తక్కువే చూశాను. డబ్బు వేళకు అందక ఆగిపోయినవే ఎక్కువ. అందుకే ఈ కేసును లెక్కలతో సహా రాస్తున్నాను. వాళ్ల అనుమతి ఉంది. మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను, డబ్బు లెక్క మాత్రం మార్చలేదు.

వాళ్లకు అంతకుముందు ఒకరు 25,000 రూపాయల్లో అయిపోతుందని చెప్పారట. ఆ మాటలో అబద్ధం లేదు, కాకపోతే అది దరఖాస్తు వేసే వరకు అయ్యే ఖర్చు. దరఖాస్తు వేయడం వేరు, పేటెంట్ చేతికి రావడం వేరు. ఈ రెంటికీ మధ్య ఏళ్లు గడుస్తాయి, రెండు పెద్ద ఖర్చులు వస్తాయి. ఆ సంగతి చెప్పకపోవడం వల్లే చాలామంది దరఖాస్తు నంబరు వచ్చిన రోజునే పేటెంట్ వచ్చిందనుకుంటారు.

నేను వాళ్ల వ్యాపారం లెక్క అడిగాను. ఒక్కో డ్రమ్ము లక్షా 40 వేలకు అమ్ముతారు. ఇనుము, మోటారు, కూలి పోను ఒక్కోదాని మీద 20 వేలు మిగులుతుంది. సీజనుకు పన్నెండు నుంచి పదిహేను అమ్ముడవుతాయి. నేను కాగితం మీద అంచనా వేసి లక్షా 20 వేలు అన్నాను. ఆమె వెంటనే "అంటే ఆరు మిషన్లు" అన్నారు. ఆ తర్వాత ఈ కేసు నడిచిన నాలుగేళ్లూ ఆమె ప్రతి ఖర్చునూ మిషన్లలోనే కొలిచారు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు వాళ్ల కొలత ఏమిటో అడుగుతున్నాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. వాళ్లు రాకముందు ఫోన్‌లో అడిగితే "85 వేల దాకా" అన్నాను. అందులో జీఎస్టీ లేదు, హియరింగ్ (పేటెంట్ ఆఫీసు అధికారి ముందు వాదన) ఖర్చు లేదు. నా ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. హియరింగ్ రావచ్చు, రాకపోవచ్చు. కానీ యంత్రాల కేసుల్లో రావడమే ఎక్కువ. ఫోన్‌లో విన్న అంకె మనిషి మనసులో నాటుకుపోతుంది, తర్వాత ఎంత వివరించినా పెంచినట్టే కనిపిస్తుంది. అప్పటి నుంచి నేను ఫోన్‌లో అంకె చెప్పడం మానేశాను. పన్నుతో కలిపి, హియరింగ్ పద్దు విడిగా చూపించి రాతపూర్వకంగానే ఇస్తున్నాను.

వెతకడానికి పెట్టిన 12 వేలు

మొదటి ఖర్చు పాత పేటెంట్లలో వెతకడం. నా ఫీజు 12,000. ఆయన దీనికి ఒప్పుకోవడానికి కొంచెం వెనకాడారు. "ఇసొంటిది ఎవ్వరు చెయ్యలె సార్, నాకు ఎరుకే" అన్నారు. ఆయనకు తెలిసింది నిజామాబాద్, జగిత్యాల, సాంగ్లీ, ఈరోడ్ మార్కెట్లలో ఉన్న యంత్రాల గురించి. పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ చూసేది ప్రపంచమంతా.

వెతుకులాటలో ముందు తేలింది వేరే విషయం. ఆయన డ్రమ్ములో కొత్తవని చెప్పినవి మూడు: దుమ్మును లాగేసే ఫ్యాన్ గొట్టం, డ్రమ్మును వంచి సరుకు దించే ఏర్పాటు, లోపల స్ప్రింగుల మీద కదిలే జాలీ పలకలు. మామూలు డ్రమ్ములో జాలీ బిగుసుకుని ఉంటుంది. కొమ్ములు దానికి గట్టిగా కొట్టుకుని విరుగుతాయి. ఈ పలకలు బరువు పడ్డప్పుడు కొద్దిగా లోపలికి వెళ్తాయి కాబట్టి విరుగుడు తగ్గుతుంది. అయితే మొదటి రెండూ ఉన్న డ్రమ్ములు ఆయన రెండేళ్లుగా రైతులకు అమ్ముతూనే ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో ఒక వీడియో కూడా యూట్యూబులో పెట్టారు. దరఖాస్తు తేదీకి ముందే అమ్మినదానికి, బయటపెట్టినదానికి కొత్తదనం పోయినట్టే. తయారుచేసిన మనిషే బయటపెట్టినా చట్టం ముందు తేడా లేదు. మన చట్టంలో ఉన్న కొద్దిపాటి మినహాయింపులు ఇలాంటి అమ్మకాలకు వర్తించవు.

ఆ వీడియోను ఆపి ఆపి చూశాం. అందులో స్ప్రింగు పలకలు ఎక్కడా లేవు. వాటిని బిగించిన డ్రమ్ము అప్పటికి వర్క్‌షాప్ గోడలు దాటలేదు. కాబట్టి పేటెంట్ అడగదగ్గది పలకల ఏర్పాటు ఒక్కదానికే. ఆయన ముఖం చిన్నబోయింది. ఆమె మాత్రం "ఒక్కటే అయితే కర్సు తగ్గుతదా?" అని అడిగారు. తగ్గింది. మూడింటికీ రాసి ఉంటే పేజీలు, క్లెయిములు (దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యాలు) పెరిగేవి, రెండింటి మీద అభ్యంతరాలు వచ్చి వాటికి జవాబులు రాయడానికి మళ్లీ డబ్బు పోయేది.

పేరు ఎవరిది

ప్రభుత్వ ఫీజు ఎంత అన్నది దరఖాస్తుదారు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. వ్యక్తి, గుర్తింపు పొందిన స్టార్టప్, చిన్న సంస్థ, విద్యాసంస్థ అయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 1,600. మిగతావాళ్లకు 8,000. చాలా ఫీజులకు ఇదే ఐదు రెట్ల తేడా. చిన్న సంస్థలకు ఈ తక్కువ రేటు 2020 నవంబరు నుంచే వచ్చింది, అంతకుముందు వాళ్లు 4,000 కట్టేవారు.

వాళ్ల ఆడిటర్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి దాని పేరు మీద వేయమన్నారు. కంపెనీ పెట్టడానికి వేరే కారణాలు ఉంటే పెట్టుకోవచ్చు. పేటెంట్ ఫీజు కోసం అయితే అక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న కంపెనీ కట్టేదీ 1,600, ఆయన సొంత పేరు మీద వేసినా 1,600. కంపెనీకి ఏటా ఆడిట్, రిటర్నుల ఖర్చు అదనం. వర్క్‌షాప్ ఆయన సొంత యాజమాన్యం కాబట్టి ఆయన పేరు మీదే వేశాం.

ఇంకో ఆలోచన వాళ్లబ్బాయి తెచ్చాడు. అతను ఇంజనీరింగ్ చదువుతున్నాడు. డ్రమ్ము డ్రాయింగులన్నీ కంప్యూటర్‌లో గీసింది అతనే. కాలేజీ పేరు మీద వేస్తే ఖర్చంతా కాలేజీయే పెట్టుకుంటుందని లెక్చరర్ చెప్పారట. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ కాలేజీ పేరు మీద వేస్తే హక్కు కాలేజీదవుతుంది. రేపు తన డ్రమ్ము తాను అమ్ముకోవడానికి ఆయన కాలేజీ అనుమతి తీసుకోవాల్సి వస్తుంది. లక్షా 20 వేలు మిగుల్చుకోవడానికి ఇరవై ఏళ్ల హక్కు వదులుకోవడం సరికాదని గట్టిగా చెప్పాను.

అప్పుడే ఒక సంగతి బయటపడింది. స్ప్రింగు పలకల ఆలోచన ఎవరిదని అడిగితే ఆయన ఒక్క క్షణం ఆగి, తమ దగ్గర పన్నెండేళ్లుగా పనిచేస్తున్న ఫిట్టరుదని చెప్పారు. ఎంత గట్టి స్ప్రింగు, ఎక్కడ ఎన్ని అనేది ఆ ఫిట్టరే తేల్చారు. కాబట్టి యజమానితో పాటు ఆయనా ఆవిష్కర్తే. దరఖాస్తు పత్రమైన ఫారం 1లో ఫిట్టరు పేరు ఆవిష్కర్తగా రాశాం, హక్కును యజమానికి బదిలీ చేస్తున్నట్టు ఆయన అదే ఫారంలో సంతకం పెట్టారు. దీనికి అదనపు ప్రభుత్వ ఫీజు లేదు. ఆవిష్కర్త పేరు వదిలేసిన దరఖాస్తు తర్వాత ఎప్పుడైనా ప్రమాదంలో పడొచ్చు. అంతకంటే ముఖ్యం, ఆ మనిషికి ఆ గౌరవం దక్కాలి. ఆమె ఆయనకు 10,000 ఇచ్చి తన పుస్తకంలో పేటెంట్ పద్దు కిందే రాసుకున్నారు. నా లెక్కలో మాత్రం దాన్ని కలపలేదు.

పసుపు సీజను, పేటెంట్ క్యాలెండరు

నిజామాబాద్ వైపు పసుపు తవ్వకం జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. డ్రమ్ముల ఆర్డర్లు డిసెంబరులో మొదలై ఏప్రిల్‌తో అయిపోతాయి. మే నుంచి నవంబరు దాకా వర్క్‌షాప్‌లో నాగళ్లు, కల్టివేటర్ల రిపేర్లే. ఆ నెలల్లో ఒక్కసారిగా 50 వేలు తీయడం ఆ ఇంటికి కష్టం. పేటెంట్ గడువులకు సీజనుతో సంబంధం ఉండదు. నేను బడ్జెట్ వేసింది ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టుకునే.

2021 సెప్టెంబరు 6న ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేశాం. ఫీజు 1,600, నా ఫీజు 10,000. ప్రొవిజనల్ వేస్తే తేదీ మనదవుతుంది, పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరం, క్లెయిములు అన్నీ ఉండే పత్రం) ఇవ్వడానికి 12 నెలల గడువు దొరుకుతుంది. ఆ 12 నెలల మధ్యలో వచ్చే పసుపు సీజనే మాకు కావాల్సింది. అప్పటిదాకా ఖర్చు వెతుకులాటతో, జీఎస్టీతో కలిపి 27,560. సీజనులో యంత్రం పనిచేయకపోయినా, రైతులు కొనకపోయినా అక్కడితో ఆగిపోవచ్చు. "అంటే ఒకటిన్నర మిషన్ కాడ ఆగొచ్చు" అని ఆమె రాసుకున్నారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రొవిజనల్ చవక కదా అని నాలుగు లైన్లు రాసి పడేసేవాళ్లు ఉన్నారు. ప్రొవిజనల్‌లో లేని విషయానికి ఆ తేదీ వర్తించదు. పలకలు, స్ప్రింగులు, అవి డ్రమ్ము వేగంతో ఎలా కుదురుతాయి అన్నదంతా అప్పుడే వివరంగా రాశాం. ఆ 10,000 అందుకే అయింది. ఆ వివరమే మూడేళ్ల తర్వాత కేసును నిలబెట్టింది.

2022 సీజను బాగా సాగింది. వాళ్లబ్బాయి చేత ఒక పని చేయించాను. ఒకే లాటు పసుపును సగం పాత డ్రమ్ములో, సగం కొత్త డ్రమ్ములో పోసి, విరిగిన ముక్కలను విడిగా తూచి, తేదీలతో నోటుపుస్తకంలో రాయమన్నాను. దీనికి ఖర్చేమీ లేదు.

2022 సెప్టెంబరు 2న పూర్తి స్పెసిఫికేషన్ వేశాం. అన్నింటికంటే పెద్ద ఖర్చు ఇదే. రాయడానికి నా ఫీజు 30,000, జీఎస్టీతో 35,400. పేటెంట్ ఆఫీసు కోరే పద్ధతిలో డ్రాయింగులు దిద్దించడానికి 3,500. అబ్బాయి అప్పటికే గీసి ఉంచాడు కాబట్టి అంతలో అయిపోయింది. ప్రొవిజనల్‌కు ఫీజు కట్టేశాం కాబట్టి పూర్తి స్పెసిఫికేషన్‌కు మళ్లీ ప్రభుత్వ ఫీజు లేదు, 30 పేజీలు, 10 క్లెయిములు దాటనంత వరకు. దాటితే వ్యక్తులకు పేజీకి 160, క్లెయిముకు 320. నా మొదటి డ్రాఫ్టులో 17 క్లెయిములు వచ్చాయి. కూర్చుని పదికి తగ్గించాను. దానివల్ల 2,240 మిగిలింది. పెద్ద కంపెనీ అయితే 11,200 అయ్యేది. మిగిలిన డబ్బు కంటే క్లెయిములు సూటిగా తయారవడమే నాకు ముఖ్యం.

అదే రోజు రెండు ఫారాలు వేశాం. ఫారం 9తో త్వరగా ప్రచురించమని కోరాం, దానికి 2,500. ఫారం 18 పరీక్ష కోరడానికి, 4,000. మామూలుగా దరఖాస్తు 18 నెలల తర్వాత ప్రచురితమవుతుంది, ఫారం 9 వేస్తే సాధారణంగా నెలలోపే అవుతుంది. ఇది అందరికీ అక్కర్లేదు. సీజనులో పక్క మండలాల వాళ్లు డ్రమ్ము లోపల ఫోటోలు తీసుకుని వెళ్లారు కాబట్టి వీళ్లకు అవసరమైంది. పేటెంట్ వచ్చేదాకా ఎవరి మీదా కేసు వేయలేం. కానీ వచ్చాక నష్టపరిహారం ప్రచురణ తేదీ నుంచి అడగొచ్చు.

ఫారం 18 దగ్గర చాలామంది 4,000 ఒక్కటే చూస్తారు. దాని వెనకే ఎగ్జామినర్ నివేదిక వస్తుంది, దానికి జవాబు రాసే ఖర్చు వస్తుంది. అందుకే ఆ ఫారం వేసే రోజునే తర్వాతి విడత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోవాలి. వేగంగా పరీక్షించే ఫారం 18ఎ కూడా ఉంది, తక్కువ రేటు వాళ్లకు 8,000. అది అందరికీ అందుబాటులో ఉండదు. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, దరఖాస్తుదారుల్లో మహిళ ఉన్నవాళ్లు వంటి కొన్ని వర్గాలకే. ఆమెను కూడా దరఖాస్తుదారుగా చేర్చి ఆ దారిన వెళ్లొచ్చని చెప్పాను. వేగంగా వెళ్తే ఖర్చు కూడా వేగంగా మీద పడుతుందని కూడా చెప్పాను. డిసెంబరు ఆర్డర్లు రాకముందే జవాబు ఖర్చు వచ్చే అవకాశం ఉంది. వాళ్లు మామూలు దారే ఎంచుకున్నారు. అప్పట్లో ఫారం 18 వేయడానికి 48 నెలల గడువు ఉండేది, 2024 మార్చిలో నిబంధనలు మారాక ఇప్పుడది 31 నెలలు. కొత్తగా వేసేవాళ్లు వాయిదా వేసుకునే సమయం తగ్గిందని గుర్తుంచుకోవాలి.

ఆ సాయంత్రం ఆమె బ్యాంకులో నెలకు 3,500 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టారు. మొత్తం 42,000. నివేదికకు జవాబు, హియరింగ్ రెండూ కలిపి నేను వేసిన అంచనా 38,940. నా దృష్టిలో ఈ కేసులో జరిగిన అన్నింటికంటే మంచి పని ఆ డిపాజిట్.

విదేశాల మాట

2022 ఆగస్టులోనే మరో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. వియత్నాం, బంగ్లాదేశ్, మయన్మార్‌లలో కూడా పసుపు ఉంది, అక్కడా పేటెంట్ వేయండని ఒక ఎగుమతిదారు సలహా ఇచ్చారు. పీసీటీ (చాలా దేశాల కోసం ఒకే దరఖాస్తు వేసే అంతర్జాతీయ ఒప్పందం) దారిలో వెళ్లాలంటే మొదటి దరఖాస్తు నుంచి 12 నెలల్లోపు వేయాలి. పీసీటీ అంతర్జాతీయ ఫీజు 1,330 స్విస్ ఫ్రాంకులు, మన దేశపు వ్యక్తులకు అందులో 90 శాతం తగ్గింపు ఉంది. ఇది చూసి చాలామంది ఆశపడతారు. పీసీటీ చివర్లో పేటెంట్ రాదు, వచ్చేది ఒక్కో దేశంలో మళ్లీ దరఖాస్తు వేసుకునే సమయం మాత్రమే. ఆ దరఖాస్తుకు ఆ దేశపు ఏజెంటు, ఆ భాషలోకి అనువాదం, అక్కడి రెన్యువల్ ఫీజులు ఉంటాయి. పైగా బంగ్లాదేశ్, మయన్మార్ పీసీటీలో లేవు.

ఇదంతా చెప్పాక ఆమె, "అక్కడ మన మిషన్ ఎవరు అమ్ముతరు సార్?" అని అడిగారు. ఎవరూ లేరు. అమ్మే మనిషి లేని దేశంలో పేటెంట్ తీసుకోవద్దని నేను సలహా ఇచ్చాను, వాళ్లు విన్నారు.

నివేదిక, హియరింగ్

2023 జూన్‌లో ఎగ్జామినర్ మొదటి నివేదిక వచ్చింది. మా వాడుకలో ఎఫ్‌ఈఆర్. రెండు పాత పత్రాలు చూపించారు. ఒకటి భారతీయ దరఖాస్తు, అది మా వెతుకులాటలో దొరికిందే. రెండోది చైనా పేటెంట్, అల్లం పొట్టు తీసే డ్రమ్ము, లోపల వంగే పలకలతో. అది నాకు దొరకలేదు. నేను పసుపు, పాలిష్ అనే మాటల చుట్టూ ఎక్కువగా వెతికాను. అల్లం, బంగాళాదుంప లాంటి దుంపల యంత్రాల్లో ఇంకా లోతుగా వెతకాల్సింది. ఇప్పుడు యంత్రాల కేసుల్లో సరుకు పేరు పక్కన పెట్టి, యంత్రం చేసే పనిని బట్టి వెతుకుతున్నాను.

వాటితో పాటు సెక్షన్ 3(ఎఫ్) అభ్యంతరం. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చినంత మాత్రాన ఆవిష్కరణ కాదని ఆ సెక్షన్ చెబుతుంది. డ్రమ్ము తెలుసు, జాలీ తెలుసు, స్ప్రింగు తెలుసు, కొత్తేమిటి అన్నది ప్రశ్న. జవాబుకు ఆరు నెలల గడువు. నవంబరులో ఇచ్చాం. క్లెయిమును కుదించి, డ్రమ్ము తిరిగే వేగానికి స్ప్రింగు గట్టిదనాన్ని ముడిపెట్టిన భాగం చేర్చాం. అది ప్రొవిజనల్‌లోనే ఉంది. నా ఫీజు 18,000, జీఎస్టీతో 21,240. డిపాజిట్ అక్టోబరుకే చేతికి వచ్చింది, ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

ఎఫ్‌ఈఆర్ వచ్చిన రోజు ఆయన చాలా టెన్షన్ పడ్డారు, దరఖాస్తు కొట్టేశారనుకున్నారు. అభ్యంతరాలు రావడం మామూలు పద్ధతేనని ముందే చెప్పి ఉంటే ఆ రెండు రోజులు వాళ్లింట్లో నిద్ర ఉండేది. ఇప్పుడు అంచనా కాగితంలోనే ఆ మాట రాస్తున్నాను.

2024 సెప్టెంబరులో హియరింగ్ జరిగింది. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. హియరింగ్ వీడియోలోనే కాబట్టి ప్రయాణ ఖర్చు లేదు. చైనా డ్రమ్ముకూ మాదానికీ తేడా ఏమిటని అధికారి పదే పదే అడిగారు. అబ్బాయి రాసిన తూకాల నోటుపుస్తకం అప్పుడు ఉపయోగపడింది. విరుగుడు తగ్గడం మాట వరసకు చెప్పింది కాదని అందులో తేదీలతో సహా కనిపించింది. హియరింగ్ తర్వాత 15 రోజుల్లో రాతపూర్వక వాదన ఇవ్వాలి, ఇచ్చాం. అన్నీ కలిపి నా ఫీజు 15,000, జీఎస్టీతో 17,700. డిసెంబరులో పేటెంట్ వచ్చింది. మన దేశంలో పేటెంట్ మంజూరుకు విడిగా ఫీజు లేదు. ఈలోపు గడిచిపోయిన సంవత్సరాల రెన్యువల్ మాత్రం కట్టాలి. మూడో ఏడాదికి, నాలుగో ఏడాదికి 800 చొప్పున 1,600.

స్టాంపు పేపర్లు, కొరియర్లు, బస్సు చార్జీలు 2,800 కలుపుకుంటే మొత్తం 1,16,300. అందులో పేటెంట్ ఆఫీసుకు కట్టింది 9,700 మాత్రమే. తక్కువ రేటు వర్తించని కంపెనీ అయితే ఇవే ఫీజులు 48,500 అయ్యేవి. జీఎస్టీ కాకుండా 85,000 నాకిచ్చారు. పేటెంట్ ఖర్చంటే ఎక్కువ భాగం రాసే మనిషికిచ్చే ఫీజే. నా ఫీజును నేనే సమర్థించుకోవడం లేదు. మీకు అంచనా ఇచ్చే ఏ ఏజెంటునైనా వెతుకులాట, డ్రాఫ్టు, జవాబు, హియరింగ్ విడివిడిగా ఎంతెంతో రాసిమ్మని అడగండి. ఒక్క అంకె చెప్పి మిగతావి తర్వాత చూద్దామంటే ఆ తర్వాతే డబ్బు పోతుంది.

చిన్న పరిశ్రమల మంత్రిత్వశాఖ పథకం కింద భారతీయ పేటెంట్ వచ్చాక లక్ష దాకా తిరిగి పొందే అవకాశం ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే దానికి దరఖాస్తు పెట్టొచ్చు, పెట్టాం. కానీ అది ఖర్చు చేశాక వచ్చే డబ్బు, పైగా మంజూరైతేనే. బడ్జెట్‌లో ఆదాయం వైపు దాన్ని రాయనివ్వలేదు.

రెన్యువల్

పేటెంట్ ఇరవై ఏళ్లు బతకాలంటే వ్యక్తులకు రెన్యువల్ మొత్తం 76,800. మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా 800, పదో ఏడాది దాకా 2,400, పదిహేను దాకా 4,800, ఆ తర్వాత ఏటా 8,000. మొదటి పదేళ్లకు అయ్యేది 12,800, తర్వాతి పదేళ్లకు 64,000. పదో ఏడాది వచ్చేసరికి ఈ డ్రమ్ము ఇంకా అమ్ముడవుతోందా అని చూసుకుని కట్టాలి. అమ్ముడవకపోతే వదిలేయడంలో తప్పు లేదు.

వద్దనుకుని వదిలేసినవాటి కంటే తేదీ మర్చిపోయి పోగొట్టుకున్న పేటెంట్లు నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. గడువు దాటాక ఆరు నెలల దాకా అదనపు ఫీజుతో కట్టొచ్చు. అదీ దాటితే, పేటెంట్ ఆగిపోయిన తేదీ నుంచి 18 నెలల్లోపు పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవాలి, అందుకు కారణం చూపించాలి, దానికి మళ్లీ ఏజెంటు ఖర్చు. 2024 నిబంధనల ప్రకారం కనీసం నాలుగేళ్ల రెన్యువల్ ఆన్‌లైన్‌లో ముందే కడితే 10 శాతం తగ్గింపు. ఐదు నుంచి ఎనిమిదో ఏడాది దాకా 6,400 అవుతుంది, తగ్గింపు పోను 5,760. మిగిలేది 640 మాత్రమే, మధ్యలో వదిలేస్తే ముందే కట్టింది పోయినట్టే. ఇదంతా చెప్పాను. "యాడాదికోసారి యాదికి పెట్టుకునుడు మాతోని కాదు సార్, కట్టేద్దాం" అన్నారు ఆమె. 2025 ఆగస్టులో కట్టేశాం. తర్వాతి గడువు 2029 సెప్టెంబరు.

ఈ మధ్య మెట్‌పల్లి వైపు ఒక వర్క్‌షాప్‌లో అవే స్ప్రింగు పలకలతో డ్రమ్ములు కనిపించాయి. కోర్టు ఖర్చు మా బడ్జెట్‌లో ఎప్పుడూ లేదు. ముందు మాట్లాడి చూద్దామన్నాను. పేటెంట్ ప్రతి చూపించి మాట్లాడితే వాళ్లు డ్రమ్ముకు 4,000 చొప్పున ఇచ్చి లైసెన్స్ తీసుకోవడానికి ఒప్పుకున్నారు. వాళ్లు ఐదు అమ్మితే తమకు ఒక మిషన్ అమ్మినట్టేనని ఆమె లెక్క. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, పేటెంట్ రిజిస్టరులో ఎక్కించాలి. అందుకు వేసే ఫారం 16కు ఫీజు 1,600. అది లైసెన్స్ తీసుకునేవాళ్లే కట్టాలని డ్రాఫ్టులో రాశాను, వాళ్లు సగం సగం అంటున్నారు. వచ్చే వారం మళ్లీ కూర్చుంటున్నాం.